మంచుచరియలు: కఱవుసీమవారు తెలియదగిన సంగతులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



గుంతకల్లు ప్రాంతమున మంచుకొండలను గూర్చి ఉపన్యాసమేమని కొందఱికి నవ్వు రావచ్చును. వానకొఱకు ఆకాశము వంక చూచి చూచి కన్నులు కాయలు గాచిన సీమ ఇది. నైరృతి మేఘములను పడమటి కనుమలు ముందే పిండుకొనును. ఈశాన్యపు మేఘములు ఇచ్చటికి చేరునప్పటికే అలసిపోవును. ఏడాది మొత్తము మీద అనంతపురము జిల్లాలో కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి చోట మంచన్నచో మార్గశిర పుష్య మాసములలో తెల్లవాఱుజామున నల్లరేగడి చేలపై పడు మంచే. శనగపైరు ఆ మంచుతోనే పండునని రైతులు చెప్పుకొందురు. ఆ మంచు ఇచ్చట ప్రాణము పోయునదే గాని తీయునది కాదు.

ఐనను 2016వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో మంచువార్త ఒకటి రాయలసీమకు వచ్చినది. గుంతకల్లునుండి నంద్యాలకు పోవు రైలుమార్గమున ప్రయాణించువారికి పరిచితమైన ప్రాంతములో, బండి ఆత్మకూరు మండలమున, పార్నపల్లె అను గ్రామము కలదు. ఆ ఊరి బిడ్డ ముస్తాక్ అహమ్మద్ సైనికుడై సియాచిన్ మంచులో సమాధియై, పిమ్మట శవపేటికలో ఇల్లు చేరెను. ఎండకు పుట్టి, ఎండలో పెరిగినవాడు మంచుక్రింద మరణించెను. కావున మంచు మనది కాదని అనుకొనుటకు వీలులేదు. మన పిల్లలు పోవు చోటెల్ల మనము తెలిసికొనవలసిన చోటే.

మొదట మాటను గూర్చి ఒక మాట. తెలుగులో మంచు అను ఒక్క పదమే పలువిధముల వాడబడుచున్నది. గడ్డిపరకపై నిలుచు నీటిబొట్టు మంచు. ఉదయమున దారి కనబడనీయని పొగ మంచు. కొండపై దూదివలె రాలునది మంచు. గట్టిపడి రాయియైనది మంచుగడ్డ. సంస్కృతము నుండి హిమము, తుషారము, నీహారము, తుహినము మున్నగు మాటలు కావ్యములలోనికి వచ్చినవి గాని, వానిని కవులు అందముకొఱకే వాడిరి. హిమపాతము అన్నచో పత్రికలలో ఒకనాడు మంచు కురియుట, మఱియొకనాడు మంచు కొండనుండి విఱిగిపడుట. ఈ రెంటికిని గల భేదము ప్రాణమునకును మరణమునకును గల భేదము. అందుచేత ఈ ఉపన్యాసమున పైనుండి రాలుదానిని మంచుకురియుట అనియు, వాలునుండి ఊడి దొర్లి వచ్చుదానిని మంచుచరియ అనియు చెప్పుట జరుగును.

ఇక సియాచిన్ సంగతి. కారకోరమ్ పర్వతములలో 70 కిలోమీటర్లకు పైబడిన పొడవుగల హిమానీనదమది. 1984 ఏప్రిల్ 13వ తేదీన భారతసైన్యము అచ్చటి కనుమలను ఆక్రమించి నిలిచినది. 2003 నవంబరు నుండి అచ్చట కాల్పులు నిలిచినవి. ఐనను మరణములు నిలువలేదు. శత్రువు గుండుకంటె చలియు, ఎత్తువలన కలుగు వ్యాధులును, మంచుచరియలును అచ్చట ఎక్కువమందిని బలిగొన్నవి. అది ఒక పక్షమునకే కలిగిన కష్టము కాదు. 2012 ఏప్రిల్ 7వ తేదీన గయారీ అను చోట పాకిస్తాను సైనిక శిబిరముపై మంచుచరియ పడి 140 మందిని ఒక్కమాఱుగా పూడ్చివేసినది. మంచునకు సరిహద్దు లేదు.

2016 ఫిబ్రవరి 3వ తేదీన 19వ మద్రాసు పటాలమునకు చెందిన 10 మంది సైనికులు సుమారు 19,600 అడుగుల ఎత్తున సోనమ్ అను స్థావరమున నుండిరి. పైనున్న మంచుగడ్డల గోడ కూలి వారి గుడారములను కప్పివేసెను. వెదకవచ్చినవారు రాత్రివేళ సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో, గట్టిపడి రాయియైన మంచును యంత్రములతో కోసి, శిక్షణ పొందిన కుక్కల సాయముతో గాలించిరి. ఆఱవనాడు, అనగా ఫిబ్రవరి 8వ తేదీన, పాతిక అడుగులకు మించిన లోతున ధార్వాడ జిల్లాకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణముతో నుండగా దొరకెను. గుడారములో కొంత గాలి చిక్కియుండుటచే అతడు అన్నినాళ్లు జీవించెనని తలంపబడినది. దేశమంతయు అతనికొఱకు ప్రార్థించినది. ఫిబ్రవరి 11వ తేదీన ఢిల్లీ సైనిక వైద్యశాలలో అతడు కన్నుమూసెను. తక్కిన తొమ్మండుగురి దేహములే లభించినవి. వారిలో మన ముస్తాక్ అహమ్మద్ ఒకడు.

ఆ పదిమందిలో పెక్కురు కన్నడ, తమిళ, మలయాళ, తెలుగు దేశములవారు. మంచు నెఱుగని ఊళ్లలో పుట్టినవారు. సైనికుడు తన స్థలమును ఎన్నుకొనడు; నిలువుమన్నచోట నిలుచును. కాని ఈనాడు వేఱొక విధముగ మంచుకొండలకు పోవువారి సంఖ్య పెరుగుచున్నది. వారు సెలవు దినములలో, స్నేహితులతో, వేడుకకొఱకు పోవు యువకులు. వారు తమ దారిని, తమ దినమును, తమ వాలును తామే ఎన్నుకొనగలరు. సైనికునికి లేని ఆ స్వాతంత్ర్యము వారికి కలదు. దానిని తెలివితో వాడుకొనుటయే ఈ ఉపన్యాసమునకు విషయము.

మంచుచరియలు స్థూలముగా రెండు తెఱగులు. ఒకటి, సోనమ్ స్థావరమున జరిగినట్లు హిమానీనదపు మంచుగడ్డ గోడయే కూలుట. దాని ఘడియను ఎవరును ముందుగా చెప్పజాలరు. దాని క్రింద నిలువకుండుట, నడువక తప్పనిచో త్వరగా దాటుట మాత్రమే ఉపాయము. రెండవది, ఏటేట కురిసిన మంచు వాలుమీది నుండి ఊడి వచ్చుట. పర్వతయాత్రికులను ఎక్కువగా చంపునది ఈ రెండవదే. ఇది మాత్రము చాలవఱకు ముందుగా గుర్తింపదగినది.

ఇదెట్లు జరుగునో తెలియుటకు మన మట్టిమిద్దెను తలచుకొనిన చాలును. దూలములమీద కట్టెలు, కట్టెలమీద బోదగడ్డి, దానిమీద చౌడుమట్టి పొరలుపొరలుగా వేయుదుము. ఏటేట కొత్తమట్టి వేసిన మిద్దె పైకి గట్టిగానే కనబడును. నడుమ నున్న కట్టెకు చెదలు పట్టినచో పైనున్నవారికి తెలియదు. ఒక రాత్రి వాన కురిసి మట్టి నానినపుడు, ఆ బరువునకు చెదపట్టిన పొర ఓర్వలేక, మిద్దె ఒక్కమాఱుగా కూలును. కూల్చినది వాన అని మనమందుము. నిజమునకు కూల్చినది లోపలి చెద. వాన ఆఖరి బరువు మాత్రమే.

కొండమీది మంచు అట్టిదే. శీతకాలమంతయు ఒక్కొక్క తుఫానులో ఒక్కొక్క పొర పడును. ఒక పొర గట్టిది, ఒకటి మెత్తనిది, ఒకటి గాలికి అణగినది, ఒకటి ఎండకు కరగి మఱల గడ్డకట్టినది. వీని నడుమ బలహీనపు పొర యొకటి చిక్కుకొన్నచో అదియే చెద. పైనున్న గట్టిపొర ఒక పెద్ద పెళ్లగా నిలిచియుండును. దానిపై మనుష్యుడు కాలు మోపినపుడు క్రింది బలహీనపు పొర నలిగి, ఆ నలుగుట క్షణములో వాలంతయు ప్రాకి, పెళ్ల అద్దమువలె పగిలి జాఱును. విహారయాత్రికుల ప్రమాదములలో నూటికి 90 పాళ్లు చరియను కదిలించినది ఆ చిక్కుకొన్నవారో వారి తోడివారో అని ఐరోపా, అమెరికా దేశముల అనుభవము చెప్పుచున్నది. అనగా చరియ వచ్చి మనుష్యునిపై పడుట అరుదు. మనుష్యుడే పోయి చరియను లేపుట సాధారణము.

ఆ బలహీనపు పొర పుట్టుక విన్నచో మన రైతునకు ఆశ్చర్యము కలుగును. మబ్బులేక, గాలిలేక, ఆకాశము నిర్మలముగా నున్న రాత్రియే శనగచేనిపై మంచు బాగుగా పడును. భూమి తన వేడిని ఆకాశమునకు విడిచి చల్లబడగా, గాలిలోని ఆవిరి ఆకులపై బొట్లుగా నిలుచును. పర్వతమున సరిగా అట్టి రాత్రియే, అట్టి ఆవిరియే, చలి మిక్కుటమగుటచే నీరు కాక, మంచునేలపై ఈకలవంటి స్ఫటికములుగా మొలచును. తెల్లవాఱిన పిదప అవి మిలమిలలాడుచు కన్నులపండువుగా నుండును. కొన్ని దినముల పిమ్మట వానిపై కొత్తమంచు కురిసి కప్పినపుడు అవి నిలువుగా నిలిచిన పేకముక్కల వలె లోపల నిలిచిపోవును. వాని పైబరువు వానికి మోయరానిది. ఇచ్చట పైరును బ్రతికించు మంచుబొట్టు అచ్చట మనుష్యుని చంపు పొరయగుచున్నది.

మఱియొక బలహీనపు పొర నేలనానుకొని పుట్టును. మంచు పలుచగా నుండి, పైన చలి తీవ్రముగా నున్నపుడు, నేల మాత్రము ఇంచుమించు సున్న డిగ్రీల వెచ్చదనముతో నుండును. ఆ వెచ్చదనము వలన ఆవిరి క్రిందినుండి పైకి ప్రాకుచు, అడుగునున్న మంచురేణువులను పంచదార పలుకులవలె మార్చివేయును. పంచదార పిడికిట నిలువనట్లే ఆ రేణువులు ఒకదానితో నొకటి అతుకవు. మంచు తక్కువగా నున్నది గదా, భయమేమి అనుకొనువాడు ఇచ్చట మోసపోవును. లడక్, కారకోరమ్ వంటి పొడిచలి ప్రాంతములలో పలుచని మంచే ఎక్కువ కపటి.

రెండవ సంగతి వాలు. గుంతకల్లువారికి వాలును గూర్చి చెప్పనక్కరలేదు. నూఱడుగులు పోయినపుడు ఒక్క అడుగు ఎక్కు రైలుదారిని కూడ గూడ్సుబండి నడుపువాడు లెక్కలోనికి తీసికొనును. మంచుచరియలు చాలవఱకు 30 డిగ్రీలకును 45 డిగ్రీలకును నడుమనున్న వాలులలో పుట్టును. రైలుభాషలో చెప్పవలెనన్న, నూఱడుగులు ముందునకు పోయినచో 58 అడుగులు మొదలుకొని 100 అడుగుల వఱకు ఎక్కు వాలన్నమాట. ఎక్కువభాగము 38 డిగ్రీల ప్రాంతమున, అనగా నూటికి 78 అడుగులు ఎక్కు చోట జరుగును. అంతకు మిక్కిలి నిట్రమైన కొండపై మంచు నిలువక ఎప్పటికప్పుడు రాలిపోవును. అంతకు మిక్కిలి తక్కువ వాలులో జాఱుటకు బలము చాలదు. ఎక్కుటకును దిగుటకును మనుష్యునకు ఉల్లాసము కలిగించు వాలే చరియకును ఇష్టమైన వాలగుట ఈ శాస్త్రమునందలి విషాదము. చదునుగా నున్న బాటలో నడచుచున్నాము గదా అని ఊరడిల్లరాదు. ఆ బాటకు పైన 38 డిగ్రీల వాలున్నచో బాటయు ఆ వాలు అధీనమే.

మూడవది గాలి. అనంతపురము జిల్లాలో బొమ్మనహాళు, కణేకల్లు ప్రాంతములలో హగరి అని పిలువబడు వేదవతీనది ఇసుకను గాలి ఎత్తి పొలములపై దిబ్బలుగా పోయుట చూచినవారు ఈ సభలో నుందురు. గాలికి ఎదురైన ప్రక్కను ఇసుక ఊడును. గాలి మఱుగున అది పడును. మఱుగు ప్రక్కన దిబ్బ సుమారు 33 డిగ్రీల వాలునకు చేరినపుడు ఇసుక తనంత తాను జాఱును. మంచు గాలి సైతము ఇదే పని చేయును. శిఖరమునకు ఒక ప్రక్క రాళ్లు బయటపడి బోసిగా నుండగా, మఱుప్రక్క మెత్తని పరుపు పరచినట్లు మంచు పోగుపడును. ఆకాశమునుండి చినుకైనను పడకున్నను, గాలి యొక్కటియే ఒక పూటలో రెండడుగుల మంచును తెచ్చి పోయగలదు. కాని ఇసుకకును మంచునకును ఒక భేదము కలదు. ఇసుకరేణువు తోడిరేణువును పట్టుకొనదు; కావున కొంచెము కొంచెముగా జాఱి భారము తీర్చుకొనును. మంచురేణువులు ఒకదానినొకటి కఱచిపట్టుకొనును. కావున ఓర్చి, ఓర్చి, ఒక్కమాఱుగా తెగును. ఓర్పు గల దాని కోపము ఎక్కువ ప్రమాదకరము.

నాలుగవది కొత్తమంచును, ఎండయు. ఒక్క దినములో ఒక అడుగు మంచు కురిసినచో, ఆ దినమును దాని మఱునాడును పర్వతము కొత్త బరువునకు ఇంకను అలవాటుపడలేదని తెలియవలెను. హిమాలయములలో శీతకాలపు మంచు మన ఋతుపవనములు తెచ్చునది కాదు. మధ్యధరాసముద్రపు దిక్కునుండి వచ్చు పశ్చిమపు అలజడులు దానిని తెచ్చును. అవి రెండు మూడు దినములు విడువక కురిసి, పిమ్మట ఆకాశము ఒక్కమాఱు తేటపడును. నీలాకాశము, తెల్లని కొండ, మెత్తని మంచు: యాత్రికునకు ఇంతకంటె పండుగ లేదు. సరిగా ఆ మొదటి తేటదినమే ఎక్కువ అపాయమైనది. వసంతము వచ్చిన కొలది ఎండ పైమంచును కరగింప, నీరు లోనికి ఇంకి పొరలను వదులుచేయును. అందుచేత తెలిసినవారు రాత్రి చలికి మంచు గట్టిగా నున్నపుడే, చుక్కలుండగనే బయలుదేరి, ఎండ ముదురకముందే వాలులను దాటివేయుదురు.

చరియ బరువెంత? ఇది మంచే గదా, దూదివలె నుండును గదా అనుకొనువారికి ఒక లెక్క. 50 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, అరమీటరు మందముగల పెళ్ల యొకటి కదలెననుకొందము. ఇది చిన్న చరియ. ఘనపు మీటరు ఒకటికి 200 కిలోల చొప్పున దాని బరువు 150 టన్నులు. గుంతకల్లు జంక్షనులో నిలుచు బొగ్గుపెట్టె యొకటి మోయు సరకు సుమారు 60 టన్నులు. అనగా రెండున్నర పెట్టెల బొగ్గు మనుష్యునిమీద కుమ్మరించినట్లు. ఆగినవెంటనే ఆ మంచు బిగిసి సిమెంటువలె గట్టిపడును. అందు కూరుకొన్నవాడు తన చేతివ్రేలునైనను కదల్పజాలడు. తనంత తాను బయటపడుట దాదాపు అసాధ్యము.

అతడు చనిపోవునది చలిచే కాదు, ఊపిరాడకయే. 15 నిమిషములలోపల త్రవ్వి తీసినచో పదిమందిలో తొమ్మండుగురు బ్రతుకుదురనియు, 35 నిమిషములు గడచినచో పదిమందిలో ముగ్గురు మాత్రమే మిగులుదురనియు ఐరోపా వైద్యులు లెక్కించిరి. ఆ మొదటి గడువు 10 నిమిషములే అని ఇటీవలి పరిశోధన హెచ్చరించుచున్నది. హనుమంతప్ప ఆఱు దినములు బ్రతికియుండుట లోకమున అరుదైన సంగతి. దానిని ఆశగా పెట్టుకొని కొండకు పోరాదు. పట్టణమునుండి సాయము వచ్చుటకు గంటలు పట్టును. కావున కాపాడగలవారు తోడి యాత్రికులే. ప్రతివాని ఒంటిపైనను సంకేతములు పంపి అందుకొను చిన్న రేడియో యంత్రము, మంచులో గ్రుచ్చి చూచు పొడవైన చువ్వ, త్రవ్వుటకు పార ఉండవలెను. ఈ మూటిలో ఒకటి లేకున్న తక్కిన రెండును వ్యర్థములు. ఇవి ఉన్నను అభ్యాసము లేనిచో అవి గూట పెట్టిన పుస్తకములవంటివే.

ఈ సందర్భమున తెలుగుబిడ్డల నిద్దఱిని స్మరింపవలెను. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణయు, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమారును సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. భువనగిరి రాతికొండపై మొదట అభ్యాసము చేసి, పిదప డార్జిలింగులోను, లడక్ చలిలోను శిక్షణ పొంది, 2014 మే 25వ తేదీన వారు ఎవరెస్టు శిఖరము నెక్కిరి. అప్పటికి పూర్ణకు 14 ఏండ్లు నిండలేదు. నేపాలు ప్రభుత్వము 16 ఏండ్లలోపు వారికి అనుమతి నీయదు గనుక వారు టిబెట్టు వైపునుండి ఎక్కిరి. ఆ ఏడే ఏప్రిల్ 18వ తేదీన నేపాలు వైపు దారిలో, ఖుంబు మంచుపాతమున, పైనున్న మంచుగడ్డ విఱిగిపడి 16 మంది నేపాలీ శ్రామికులు మరణించిరి. ఇతరుల మూటలు మోయుచు, ఇతరుల కొఱకు దారి వేయుచు చనిపోయినవారు వారు. మఱుసటి ఏట ఆ దారిని మంచుపాతపు అంచునుండి నడుమకు జరిపిరి. శిఖరమెక్కినవారి పేర్లు పత్రికలలో పడునపుడు, దారి వేసి మరణించినవారిని గూడ తలచుట న్యాయము.

శిక్షణ పొందినవారికి అపాయము లేదనుటకును వీలులేదు. 2022 అక్టోబరు 4వ తేదీన ఉత్తరాఖండములో ద్రౌపదీ కా దండా అను శిఖరముపై పర్వతారోహణము నేర్చుకొనుచున్న బృందమును మంచుచరియ ముంచివేసి, 29 మందిని బలిగొన్నది. వారిలో అదే ఏట ఎవరెస్టు నెక్కివచ్చిన యువతి సవితా కన్స్వాల్ ఒకతె. నేర్పు అపాయమును తగ్గించునే గాని తుడిచివేయదు. మంచునకు ఎవరి బిరుదములును తెలియవు.

మన దేశమున ఈ విషయమును పరిశోధించుటకు 1969లో మనాలిలో రక్షణశాఖవారు ఒక మంచుచరియల అధ్యయన సంస్థను నెలకొల్పిరి. 2020లో అది మఱియొక సంస్థతో కలిసి కొత్తపేరు దాల్చినది. హిమాలయ జిల్లాలకు చరియల హెచ్చరికలు శీతకాలమున ఈ సంస్థనుండి వెలువడుచుండును. కొండకు పోవువాడు బయలుదేరుటకు ముందు వాతావరణవార్తను, ఈ హెచ్చరికను తెలిసికొనుట మొదటి విధి. స్థానికుల నడుగుట రెండవ విధి. ఏ వాలు ఏ నెలలో విఱుగునో ఆ లోయ గొల్లవానికి తెలిసినంత ఎవరికిని తెలియదు.

ఇక నడచునపుడు మంచు తానే కొన్ని హెచ్చరికలు చేయును. దగ్గఱి వాలులలో కొత్తగా చరియలు పడిన జాడలున్నచో, అట్టి వాలే మీ కాళ్లక్రిందను ఉన్నదని గ్రహింపవలెను. అడుగు వేసినపుడు మంచులోపల బోలుగా ధుమ్మను ధ్వని పుట్టినచో అది బలహీనపు పొర కూలిన సవ్వడి. కాలివద్దనుండి పగుళ్లు మెఱుపువలె ప్రాకినచో ఇంక ఒక్క అడుగును ముందునకు వేయరాదు. ముందటి దినమున పెనుమంచు కురిసినను, గాలి విసరినను, ఒక్కమాఱు వేడి పెరిగినను ఆ దినము నిట్రవాలుల జోలికి పోరాదు. తప్పనిసరిగా ఒక వాలును దాటవలసివచ్చినచో అందఱును గుంపుగా కాక, ఒక్కొక్కరుగా దాటవలెను. తక్కినవారు భద్రమైన చోట నిలిచి, దాటువానినుండి కన్ను మరల్పక చూడవలెను. చరియ పట్టుకొన్నచో కేకవేసి, ప్రక్కకు తప్పుకొన యత్నించి, అది ఆగబోవుచుండగా చేతిని నోటికి అడ్డముగా పెట్టుకొని కొంత గాలికి చోటు చేసికొనవలెను. ఒడ్డుననున్నవారు అతడు చివరిసారి కనబడిన చోటును గుర్తుపెట్టుకొని వెంటనే వెదకవలెను.

ఇవన్నియు తెలిసియు ఎందఱో మరణించుచున్నారు. ఏల? మంచును గూర్చి తెలియకకాదు, మనస్సును గూర్చి తెలియక. ఇంత డబ్బు పెట్టి, ఇంత దూరము వచ్చి, సెలవు ముగియుచుండగా వెనుదిరుగుటయా అని ఒకడు. ముందువాని అడుగుజాడలున్నవి గదా, వాడు పోయినపుడు మనకేమి అని ఇంకొకడు. భయపడుచున్నానన్నచో నవ్వుదురేమో అని మూడవవాడు. నిరుడు ఇదే వాలు దిగితిమి గదా అని నాలుగవవాడు. ముందువాని జాడ పొర బలమును చూపదు. అతడు బలహీనపు చోటును తప్పించుకొనెనని మాత్రమే చూపును. ఐరోపా దేశములలో 1993 నుండి చరియల అపాయమును ఒకటి మొదలు ఐదు వఱకు అంకెలతో సూచించుచున్నారు. నాలుగు, ఐదు అన్ననాడు జనులు ఇల్లు కదలరు. ఎక్కువ మరణములు నడిమి అంకెయగు మూడు నాడు జరుగుచున్నవి. గుంతకల్లువారికి ఇది సులభముగ తెలియును. ఎఱ్ఱదీపమునకు బండి నిలుచును, పచ్చదీపమునకు సాగును, పసుపుదీపమును చూచియు వేగము తగ్గింపనివాడే ప్రమాదము తెచ్చును. మంచుకొండ అంతయు చాలదినములు పసుపుదీపమే.

వెనుదిరుగుట పిఱికితనము కాదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 దినములలో ఏడు ఖండముల ఎత్తైన శిఖరముల నెక్కి లోకమును ఆశ్చర్యపఱచినవాడు. 2015లో ఆండీస్ పర్వతములలో అంతటివాడును తిరిగిరాలేదు. అట్టి ధీరునే పర్వతము ఉంచుకొనగలిగినపుడు, సెలవులకు పోవు పిల్లవాడు వెనుకకు తిరుగుటలో సిగ్గుపడవలసినది ఏమున్నది? కొండ మఱునాడును అక్కడనే యుండును. పిల్లవాడు ఉండవలెను గదా.

ఈ మాటలకును గ్రంథాలయ రజతోత్సవమునకును సంబంధమేమని అడుగవచ్చును. కర్నూలు బిడ్డయైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యంకి వేంకటరమణయ్యగారు మున్నగు పెద్దలు ఊరూర గ్రంథాలయములు వెలయవలెనని జీవితములు ధారవోసినది, ఊరు దాటని వానికిని లోకము తెలియవలెననియే. అనుభవమున తెలియుటకు వీలులేని సంగతులు కొన్ని యుండును. మంచుచరియను అనుభవమున తెలిసికొన్నవాడు తిరిగివచ్చి చెప్పుట అరుదు. అట్టివానిని పుస్తకమునుండియే నేర్చుకొనవలెను. ఇతరులు ప్రాణములిచ్చి వ్రాసిన పాఠమును ఊరిలో కూర్చుండి చదువుకొనవలెను.

ఈ గ్రంథాలయములో చదువుకొను పిల్లలలో ఒకడు రేపు పటాలములో చేరవచ్చును. ఒకతె పూర్ణవలె శిఖరము నెక్కవచ్చును. మఱియొకడు స్నేహితులతో ఉత్తరమునకు రైలెక్కవచ్చును. గుంతకల్లు జంక్షనునుండి దారులు నాలుగు దిక్కులకును పోవును. పోవువారిని ఆపుట ఎవరికిని తగదు. పోవువాని మూటలో రొట్టెతోపాటు ఈ కొంత తెలివియు కట్టి పంపుట ఊరివారి ధర్మము. మార్గశిరపు తెల్లవాఱుజామున శనగచేనిగట్టుమీద నడచునపుడు కాలికి తగులు మంచును చూచి, ఇదియే మంచు అచ్చట ఎట్టి రూపము దాల్చునో పిల్లలకు ఒక్కమాట చెప్పినచో, పార్నపల్లె తల్లి కార్చినట్టి కన్నీరు మఱియొక తల్లి కార్చకుండ నుండవచ్చును.